ఒక పూట సమానత్వం



మా పల్నాడులో హోటల్ అంటే ఇడ్లీ, పూరీ, టీ దొరికే చోటు. పడుకునేదాన్ని లాడ్జి అంటాం. నరసరావుపేట బస్టాండు దగ్గర నిలబడి "మంచి హోటల్ ఎక్కడండీ?" అని అడగండి, టిఫిన్ బాగుండే చోటు చూపిస్తారు. అంతకు ముందు తిండికీ బసకీ కలిపి ఉన్న మాట పూటకూళ్లిల్లు. పూటకు ఇంత అని డబ్బిచ్చి కూడు తినే ఇల్లు. ఈ 'పూట' అనే మాట చుట్టూ ఈ వారం వ్యాసం. కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి. చివర్లో మీకొక పని కూడా పెడతాను.

రాయడానికి కారణం రెండు కామెంట్లు. పోయిన నెల మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చాడు. అమ్మకు అరవై నిండాయి. వాడే వెతికి హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రికి రెండు గదులు తీసుకున్నాడు. ఆ ఒక్క రాత్రి డబ్బు మా అమ్మకు రెండు సీజన్ల మిరపకాయ కోతల కూలి. ఆ సంగతి ఆమెకు ముందు చెప్పలేదు, చెబితే బండి ఎక్కదు. గుర్రబ్బండిలో కూర్చుని అమ్మ పకపకా నవ్వుతున్న ఫోటో తమ్ముడు పెట్టాడు. నేను షేర్ చేశాను.

దాని కింద నాకు తెలిసిన ఒక లెక్చరర్ గారు రాశారు: "మేడమ్, ఇంక మీకు రిజర్వేషన్ ఎందుకండీ?" పక్కన నవ్వు బొమ్మ. దాని కిందే మన విద్యార్థి ఒకడు రాశాడు: "అక్కా, వెట్టితో కట్టిన కోటలో పడుకుని వచ్చి మాకు వెట్టి గురించి పాఠం ఎట్లా చెప్తారు?" వీడు బొమ్మ పెట్టలేదు. మొదటాయనకి జవాబు బాకీ లేనని ఊరుకోవచ్చు. రెండోవాడు మనవాడు, ఊరుకోవడానికి లేదు. ఆలోచిస్తే రెండు ప్రశ్నలూ ఒకే చోటుకి వెళ్తున్నాయి: మనం ఎక్కడ కూర్చోవచ్చు, ఎంతసేపు కూర్చోవచ్చు?

ముందు ఆ ఇంటి సంగతి చెబుతాను.

ఫలక్‌నుమా అంటే ఆకాశంలాంటిది, ఆకాశానికి అద్దం అని అర్థం చెబుతారు. చార్మినార్ నుంచి శాలిబండ, అలియాబాద్, ఇంజన్‌బౌలి మీదుగా దక్షిణానికి పోతే గుట్ట మీద కనిపిస్తుంది. ఆ దారి మొత్తం జనమే. గాజుల దుకాణాలు, ఇరానీ చాయ్ గ్లాసుల చప్పుడు, ఉస్మానియా బిస్కెట్లు, ఆటోల హారన్లు, స్కూలు వదిలిన పిల్లలు, నమాజుకి పోయేవాళ్లు, పెళ్లిబట్టలు బేరమాడేవాళ్లు. గుట్ట కింద ఫలక్‌నుమా రైల్వేస్టేషన్, ఇరుకు గల్లీలు. గేటు దాటి గుట్ట ఎక్కితే ఆ చప్పుడంతా ఎవరో చేత్తో మూసినట్టు ఆగిపోతుంది. పైగా కుటుంబంలో పుట్టి, తర్వాత హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా చేసిన వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న దీనికి పునాది వేయించాడు. పూర్తికావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ పాలరాయి, రంగుటద్దాలు, ఇంగ్లండు విండ్సర్ కోటలో ఉన్నదాన్ని చూసి చేయించిన గ్రంథాలయం. కట్టినాయన అప్పులపాలయ్యాడని, ఆఖరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయిందని చెబుతారు. ఆ తర్వాత రాచ అతిథుల విడిది. ఐదో జార్జి, మేరీ రాణి లాంటివాళ్లు దిగారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఉన్నాక చాలా ఏళ్లు మూతపడింది. తాజ్ కంపెనీ లీజుకు తీసుకుని, పదేళ్లు బాగుచేసి, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచింది. 2017లో ఇవాంకా ట్రంప్‌కి ప్రధాని విందు ఇచ్చింది ఇక్కడే.

ఇదంతా గైడ్లు చెబుతారు, ఇంటర్నెట్‌లో ఉంటుంది. నేను కలిపేది ఒక్కటే. ఈ గోడలు లేస్తున్న రోజుల్లోనే, 1888లో, ఇదే హైదరాబాదులో ఒక మాల ఇంట్లో మాదరి భాగయ్య పుట్టాడు. చిన్నప్పుడే ఇల్లు వదిలి, సికింద్రాబాదులో ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు పట్టుకున్నాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. అంటరాని పిల్లల కోసం బడులు పెట్టాడు. మనకు భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. గుట్ట మీది ఇంటికి నూట పాతికేళ్ల చరిత్ర ఉంది అని చెప్పేవాళ్లకి గుట్ట కింద కూడా అంతే వయసున్న చరిత్ర ఉందని గుర్తుచేయడం మన పని.

మా అమ్మ ఈ చరిత్ర ఏదీ అడగలేదు. ఆమె చూపు వేరు. బండి దిగి, మెట్లెక్కి, పైన దీపాల గుత్తులు చూసి ఆమె అన్న మొదటి మాట ఇది: "ఇంత ఇల్లు ఊడ్చేదెవురే? పొద్దున మొదలుపెడితే మాపిటికన్నా అయిద్దా?" తమ్ముడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆమె నలభై ఏళ్లు ఇళ్లు అలికింది, పిడుగురాళ్ల సున్నం నానబెట్టి పండగకి ఊరందరి గోడలకీ వేసింది. గోడ చూస్తే ఎన్ని పూతలు పడ్డాయో చెబుతుంది. పాలరాతి మెట్ల మీద అరచెయ్యి ఆనించి, "ఇది మన నాపరాయి లాగ కాదు, తడి చెయ్యి పెడితే జారిద్ది, తుడిచేవోళ్లు పడతారు జాగర్త" అంది. ఫలక్‌నుమా గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ వాక్యం లేదు.

అలా అని ఆమె బిక్కచచ్చిపోయి కూర్చోలేదు. ఆమె గదిలో నేలమీద పడుకుందని, కన్నీళ్లు పెట్టుకుందని రాస్తే కథ బాగుంటుంది. అలా జరగలేదు. వేడినీళ్లతో రెండుసార్లు స్నానం చేసింది. మెత్తటి పరుపు మీద అడ్డంగా పడుకుని గురక పెట్టింది. బిర్యానీ తిని "ఉప్పు తగ్గింది" అంది. పొద్దున గది సర్దడానికి వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టుకుని "ఏ ఊరమ్మా మీది? అమ్మా నాన్నా ఏం చేస్తారు?" అని మొదలుపెట్టింది. ఆ అమ్మాయి దుప్పటి మడతలు పెడుతూనే నవ్వుతూ చెప్పింది, వాళ్లమ్మ కూడా కలుపు తీతకు పోతుందని. ఐదు నిమిషాల్లో ఇద్దరూ పత్తి చేలో చేరారు. దుప్పటి రెండో కొస మా అమ్మ పట్టుకుంది. ఆ అమ్మాయి "వద్దమ్మా, మీరు కూర్చోండి" అంటే "కూచునే వచ్చాలే, రాత్రంతా కూచున్నా" అంది.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి వద్దాం.

ఆ ప్యాలెస్‌లో అందరూ చూసేది భోజనాల గది. ఒకే బల్ల, నూటొక్క మంది కూర్చోవచ్చు. పొడవు 108 అడుగులు అంటారు. గది కట్టిన తీరు వల్ల ఈ చివర మెల్లగా మాట్లాడితే ఆ చివర వినిపిస్తుందని చెబుతారు. వింటుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా మాదిగపల్లెకీ ఊరి నడిబజారుకీ మధ్య దూరం ఆ బల్లకి మూడింతలుంటుందేమో. గొంతు చించుకుని అరిచినా తరతరాలు అవతలికి వినపడలేదు. రాజులకు ఇంజనీర్లు దొరికారు, మనకు దొరకలేదు.

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఆ నూటొక్క కుర్చీలు చూడగానే ఇంకో భోజనం గుర్తొచ్చింది. మన పల్నాటి భోజనం, చాపకూడు. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడని కథ. మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడని కథ. పన్నెండో శతాబ్దపు ఆ యుద్ధం కారంపూడిలో ముగిసింది. ఇప్పటికీ అక్కడ కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. ఐదు రోజులు. మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. మీలో చాలామంది తిని ఉంటారు. నేనూ తిన్నాను.

ఈ కథను ఇన్ని వందల ఏళ్లు గొంతులో దాచి పాడుతూ వచ్చింది వీరవిద్యావంతులు, మాల గాయకులు. పుస్తకాల్లోకి ఎక్కేటప్పటికి పేరు బ్రహ్మనాయుడికి వచ్చింది, గొంతుకి రాలేదు. దాన్ని మరో భాగంలో చెబుతాను. ఇప్పుడు నా ప్రశ్న చిన్నది. చాప చుట్టేశాక ఏమయింది? భోజనం అయిపోయాక కన్నమదాసు ఏ ఇంటికి పోయి పడుకున్నాడు? ఊళ్లోనా, పల్లెలోనా? కారంపూడిలో చాపకూడు తిన్న మర్నాడు మనం పోయే టీ కొట్టులో, మనం అడిగే అద్దె ఇంట్లో ఆ చాప ఎందుకు కనపడదు?

వినుకొండ మన పల్నాడుదే కదా. ఆ వినుకొండ వల్లభరాయుడి పేర క్రీడాభిరామం అనే పుస్తకం ఉంది. ఇద్దరు స్నేహితులు, మంచనశర్మ, టిట్టిభసెట్టి, ఓరుగల్లు నగరంలో ఒక రోజంతా తిరిగి చూసిన వింతలు అందులో ఉంటాయి. తెలుగులో కళకళలాడే నగరం అంటే ఏమిటో అది చదివితే తెలుస్తుంది. సంతలు, ఆటలు, కోడిపందేలు, వేశ్యావాటిక, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, పూటకూటి ఇల్లు, అన్నీ ఉంటాయి. రూకకు కమ్మటి భోజనం దొరుకుతుంది. క్లాసులో ఈ భాగం చెప్పినప్పుడల్లా పిల్లలకు నోరూరుతుంది. ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "మేడమ్, మనం పోతే పెట్టేవాళ్లా?" ఆ ప్రశ్న ఆ కవికి రాలేదు. వ్యాఖ్యానాలు రాసినవాళ్లకీ రాలేదు. రూక ఉన్నా ఆకు వేయని మనుషులు ఉంటారని అందులో లేదు.

అదే వినుకొండలో 1895లో గుర్రం జాషువా పుట్టాడు. ఆ ప్రశ్న ఆయనకు వచ్చింది. ఫిరదౌసిలో బంగారం ఇస్తానని వెండి చేతిలో పెట్టిన సుల్తాన్ని చూపించాడు. గబ్బిలంలో అరుంధతీయుణ్ణి నాయకుణ్ణి చేశాడు. గుడి గడప దాటనివ్వని మనిషి తన బాధని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకు గబ్బిలం? గుడిలోకి దానికి అడ్డు లేదు కాబట్టి. పాడుబడ్డ కోటల్లో, గుళ్లల్లో, సత్రాల్లో అది ఉచితంగా బస చేస్తుంది. దాని కులం ఎవరూ అడగరు.

మిత్రులారా, ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. గబ్బిలాలతో కలిసి ఒక సత్రంలో పదకొండు రోజులు ఉన్న మన మనిషి ఇంకొకరు ఉన్నారు.

1917. అంబేడ్కర్ కొలంబియా, లండన్‌లలో చదివి వచ్చారు. చదువుకి సాయం చేసిన బరోడా మహారాజు దగ్గర ఉద్యోగంలో చేరడానికి వెళ్లారు. స్టేషనులో దిగితే ఎక్కడ ఉండాలో తెలియదు. హిందూ హోటళ్లు రానివ్వవు. ఆఖరికి ఒక పార్సీ సత్రం దొరికింది. అది పార్సీలకే. కాపలాదారు ఆయన పార్సీ కాదని కనిపెట్టాడు. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పుస్తకంలో పార్సీ పేరు రాస్తారు, భోజనంతో కలిపి రోజుకు రూపాయిన్నర ఇస్తారు. పైన పెద్ద హాలు, చీకటి, చిన్న లాంతరు, పాత సామాన్ల చెత్త, గబ్బిలాలు. పొద్దున ఆఫీసు, రాత్రి ఈ చీకటి. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని పార్సీలు గుంపుగా వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. స్నేహితుల ఇళ్లు తట్టారు. ఒకరూ చోటివ్వలేదు. పార్కులో చెట్టు కింద కూర్చుని, రాత్రి బొంబాయి రైలెక్కారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. విద్యార్థులు తప్పకుండా చదవండి. చిన్న పుస్తకం, ఒక పూటలో అయిపోతుంది.

ఫలక్‌నుమాని నడిపే తాజ్ కంపెనీ మూలం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. బొంబాయి వాట్సన్స్ హోటల్లో తెల్లవాళ్లకే చోటు అని జంషెడ్జీ టాటాని ఆపేశారని, ఆ కోపంతో ఆయన 1903లో తాజ్ మహల్ హోటల్ తెరిచాడని. చరిత్రకారులు చాలామంది దీన్ని నమ్మరు. కథే అనుకుందాం. కానీ ఆ కథ మనకు ఎంత ఇష్టంగా చెబుతారో చూడండి. డబ్బున్నవాడికి అవమానం జరిగితే అది ఒక హోటల్ పుట్టిన కథ అయింది, బ్రోచర్లకు ఎక్కింది. పద్నాలుగేళ్ల తర్వాత జరిగిన బరోడా సంగతి కట్టుకథ కాదు, జరిగినవాడు స్వయంగా రాసింది. అది ఏ బ్రోచర్లోనూ ఉండదు. అదే 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. మమ్మల్ని పంచములు అనొద్దు, మేం ఆది ఆంధ్రులం అని ఆ సభ తేల్చింది. ఒకే ఏడాది ఒకచోట మన మనిషి తన పేరు దాచుకుని పడుకోవాల్సి వచ్చింది, ఇంకోచోట మనవాళ్లు తమ పేరు తామే పెట్టుకున్నారు.

ఇప్పుడు మొదటి కామెంటు పెట్టిన లెక్చరర్ గారికి జవాబు.

సార్, బరోడాలో అంబేడ్కర్ దగ్గర ఏం తక్కువ? చదువు ఉంది. సంస్థానంలో ఉద్యోగం ఉంది. రోజుకి రూపాయిన్నర కట్టే స్తోమత ఉంది, కట్టారు కూడా. కర్రలు పట్టుకొచ్చినవాళ్లు ఆయన జీతం ఎంతో అడగలేదు. కాబట్టి డబ్బు వచ్చాక కులం పోతుంది, అప్పుడు రిజర్వేషన్ తీసేయొచ్చు అనే మీ లెక్క 1917లోనే తప్పింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీ వర్గీకరణకు దారి తీసిన తీర్పులో నలుగురు క్రీమీలేయర్ గురించి కూడా రాశారు. ఆ తర్వాత వారం రోజులకే ఎస్సీ ఎస్టీలకు క్రీమీలేయర్ రాజ్యాంగంలో లేదని కేంద్ర మంత్రివర్గం చెప్పింది. ఈ చర్చ ఆగలేదు, ఆగదు. వర్గీకరణ వేరే చర్చ, మన ఇంట్లో వాటా సరిగ్గా పంచుకోవడం గురించి. క్రీమీలేయర్ అనేవాళ్లు అడిగేది వేరు. మా అమ్మ నవ్వే ఫోటో చూసి వాళ్లు మా బాకీ తీరిపోయిందంటున్నారు.

తీరిందో లేదో చెప్పడానికి నా దగ్గర ఒక లెక్క ఉంది. కొన్నేళ్ల క్రితం ఉద్యోగం కోసం ఒక పట్టణానికి మారాను. ఊరి పేరు వద్దు. అద్దెకి ఇల్లు చూశాను. టులెట్ బోర్డు ఉంది. ఇంటావిడ మర్యాదగానే మాట్లాడింది. డాక్టరేట్ అంటే సంతోషించింది, జీతం అంటే తలూపింది. మంచినీళ్లు ఇచ్చింది. తర్వాత "మీరేంటోళ్లమ్మా?" అంది. చెప్పాను. "మా అబ్బాయి ఎవరికో మాటిచ్చాడంట, ఇప్పుడే గుర్తొచ్చింది" అంది. నెల తర్వాత కూడా ఆ బోర్డు అలాగే ఉంది. అలాంటివి నాలుగిళ్లు. ఐదో ఇల్లు ఒక ముస్లిం కుటుంబం ఇచ్చింది.

ఫలక్‌నుమాలో ఏం అడిగారు? ఆధార్ కార్డు అడిగారు. ఫోటో చూశారు, మొహం చూశారు, వెనక్కిచ్చారు. "మీరేంటోళ్లు" అనలేదు. రెండు సీజన్ల కూలి ఖరీదు చేసే గదిలో అడగని ప్రశ్న, నెలకి ఎనిమిది వేల అద్దె ఇంట్లో ఎందుకు అడిగారు? ఆ రాత్రి గుట్ట మీద నిలబడి కింద పాతబస్తీ దీపాలు చూస్తూ నేను ఆలోచించింది ఇదే. నాకు తోచిన జవాబు చెబుతాను. హోటల్‌కి వచ్చినవాడు పొద్దున వెళ్లిపోతాడు. అద్దెకి వచ్చినవాడు ఉంటాడు. వాడి పిల్లలు మన పిల్లలతో ఆడతారు. వాడి కూర వాసన మన వంటింట్లోకి వస్తుంది. పండక్కి వాడింటి నుంచి గిన్నె వస్తుంది, తిరిగి ఖాళీ గిన్నె పంపకూడదు. బాటసారిని కులం భరిస్తుంది, పక్కింటివాణ్ణి భరించదు. చాపకూడు ఏడాదికి ఒక రోజు. హోటల్ గది ఒక రాత్రి. ఒక పూట సమానత్వం ఇవ్వడానికి ఈ సమాజం నేర్చుకుంది. రెండో పూట దగ్గర ఆగిపోతోంది.

అయితే ఆ ఒక పూట కూడా ఎవరో దానం ఇచ్చింది కాదు. రాజ్యాంగం పదిహేనో అధికరణం రెండో భాగం తీసి చూడండి. దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు, వినోద స్థలాలు అని ఒక వరస, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని ఇంకో వరస ఉంటుంది. ఇంత పెద్ద దేశానికి రాజ్యాంగం రాస్తూ హోటల్ అనే మాట ఎందుకు రాశారు? ఆ డ్రాఫ్టింగ్ కమిటీ అధ్యక్షుడు సత్రం నుంచి గెంటబడ్డ మనిషి. 1955లో వచ్చిన చట్టం, ఇప్పుడు మనం పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నది, ఇంకో అడుగు వేసి హోటల్లో పాత్రలు, సామాన్లు వాడుకోనివ్వకపోవడం కూడా నేరం అంది. అంటే మన రెండు గ్లాసులు. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊరి హోటల్లో చూరుకి కొబ్బరిచిప్పలు వేలాడేవట. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. తర్వాత చిప్ప పోయి వేరే గ్లాసు వచ్చింది. తర్వాత అందరికీ కాగితం కప్పులు వచ్చాయి. కప్పు మారినందుకు సంబరపడేవాళ్లకి మా అమ్మ ఒక మాట అంటుంది: "ఇప్పుడు ఎవురి గ్లాసు వాళ్లు పారేసుకుంటన్నారు, కలిపి కడిగే పని తప్పింది."

ఆ అమ్మే ఫలక్‌నుమాలో పింగాణీ కప్పులో టీ తాగింది. మరొకరెవరో ముందు రోజు అదే కప్పులో తాగి ఉంటారు. మర్నాడు ఇంకెవరో తాగుతారు. ఆ కప్పు అంత తేలిగ్గా ఆమె చేతికి రాలేదు. బరోడా పార్కులో చెట్టు కింద కూర్చున్న ఒక సాయంత్రం దాని వెనక ఉంది. కారంచేడు, చుండూరు దాని వెనక ఉన్నాయి. 1989 చట్టం ఉంది.

ఇప్పుడు మా తమ్ముడిలాంటి ఆ విద్యార్థికి.

నాన్నా, నీ ప్రశ్న మంచిది. నిజాం రాజ్యంలో జాగీర్ల శిస్తు, పల్లెల్లో వెట్టి ఎవరి వీపు మీద నడిచాయో నువ్వు చదివావు. అడగాల్సిందే. కానీ వెట్టితో కట్టిన ఇంట్లోకి మన అమ్మలు అడుగుపెట్టకూడదంటే, ఈ దేశంలో మనం ఎక్కగలిగిన గడప ఏది మిగులుతుంది? గుడి, కోట, చెరువు, కాలవ, రైలు కట్ట, నాగార్జునసాగర్ ఆనకట్ట, అన్నిట్లోనూ మన చెమట ఉంది. చెమట ఇచ్చినవాళ్లు దూరంగా ఉండి పవిత్రంగా మిగలాలనేది వాళ్లకు పనికొచ్చే నీతి. అంబేడ్కర్ బొంబాయి దాదర్‌లో ఇల్లు కట్టుకుని దానికేం పేరు పెట్టారో తెలుసు కదా. రాజగృహ. పుస్తకాల కోసం కట్టుకున్న ఇల్లు. పూరిగుడిసె అని పెట్టలేదు. పేదరికం మన మీద రుద్దిన సంగతి, దాన్ని నగలాగా పెట్టుకుని తిరగాల్సిన పని లేదు.

నువ్వు భయపడేది ఇంకోటి అని నాకు తెలుసు. అక్కడ పడుకున్నవాళ్లు అక్కడే ఉండిపోతారని, పల్లె మర్చిపోతారని. అలా ఉండిపోయినవాళ్లు ఉన్నారు. పేరు చివర్లు మార్చుకున్నవాళ్లు ఉన్నారు. బరోడాలో కర్రలకి భయపడి పేరు దాచుకోవడం వేరు, ఇవాళ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు కోసం అమ్మని పల్లెలోనే దాచిపెట్టడం వేరు. దాన్ని ఆపడానికి మన దగ్గర ఉన్న మందు ఒక్కటే, మనం పోయిన ప్రతి చోటుకీ మా అమ్మ చూపు తీసుకుపోవడం. దీపాల గుత్తిని చూసి బాగుంది అనాలి. దాన్ని తుడిచేదెవరు అని కూడా అడగాలి. రెండో ప్రశ్న అడగడం మానేసిన రోజు నువ్వు నన్ను నిలదీయి. అప్పుడు నీ కామెంటు కింద నేనే లైకు కొడతాను.

తిరుగు ప్రయాణంలో దాచేపల్లి దాటాక అమ్మ గది అద్దె ఎంతో తమ్ముడితో చెప్పించింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంతమందికి జీతాలివ్వాల, అంత తీసుకోకపోతే యాడ గిట్టిద్ది" అంది. మళ్లీ కొంచెం ఆగి, "ఆ పిల్లకి కూడా అందులో బాగా ఇస్తే మంచిదే" అంది. రాజకీయ అర్థశాస్త్రం మీద నేను విన్న ఉపన్యాసాల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

ఇక మీ పని. విద్యార్థులు, ముఖ్యంగా గురజాల, మాచర్ల, నరసరావుపేట కాలేజీల్లో చదివే పిల్లలు వినండి. మొదటిది, ఇంటికి పోయి మీ అమ్మనో అమ్మమ్మనో వాళ్ల ఊరి హోటల్లో మొదటిసారి లోపల బల్ల మీద ఎప్పుడు కూర్చున్నారో అడగండి. ఏ ఏడాది, ఎవరు తోడు, ఎవరు ఏమన్నారు, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. రెండోది, వచ్చే కార్తీక అమావాస్యకి కారంపూడి పోండి. చాపకూడు తినండి. తిన్నాక వండినవాళ్లెవరు, వడ్డించినవాళ్లెవరు, చాప చుట్టినవాళ్లెవరు చూసి రండి. మూడోది, మీలో ఇల్లు అద్దెకి అడిగి కాదనిపించుకున్నవాళ్లు తేదీ, కారణం, అన్న మాట రాసి పెట్టుకోండి. సత్రం గెలిచి మనకిచ్చి పోయిన మనిషికి ఇల్లు గెలవడానికి టైము చాలలేదు. అది మన వంతు. రాసినవి నాకు పంపండి, పేర్లు లేకుండా ఇక్కడే వరసగా పెడదాం.

వచ్చే భాగం కన్నమదాసు గురించి. యుద్ధం అయిపోయాక ఆయన ఎక్కడికి పోయాడో, ఆ కథని ఎవరు ఎలా ముగించారో మాట్లాడుకుందాం.

జై భీమ్.